ఏరి తెచ్చుకున్న రాయి మీద పదును

ఏటి ఒడ్డున నేను మొదటిసారి సానకని ఏరుకున్న రాయి చూడడానికి చాలా అందంగా ఉండేది. ముదురు ఎరుపు రంగు, మధ్యలో సన్నని తెల్ల చార, అరచేతిలో ఇమిడే పరిమాణం, వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలనంత నునుపు. ఇంత గట్టి రాయి, ఇంత నున్నని రాయి పదును పెట్టడానికి పనికిరాకపోతే ఇంకేది పనికొస్తుందని అనుకున్నాను. మొద్దుబారిన ఒక ఉలిని, నీళ్లు చల్లుతూ, దాని మీద అరగంట సేపు నూరాను. ఉలి అంచు అద్దంలా మెరిసింది, కానీ చెక్కకు ఆనించి తోస్తే కోయడం మాని పీచును నలిపింది. నూరక ముందు ఎంత మొద్దుగా ఉందో నూరిన తరువాత కూడా అంతే మొద్దుగా ఉంది. నేను ఆ రాయిని తప్పుపట్టి ఒక మూలన పడేశాను. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు, చాలా రాళ్లు పట్టాయి.

దొరికిన రాళ్లతో సాన పట్టడం గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వింటుంటాను. ఏ రాయైనా పనికొస్తుంది, పూర్వం అందరూ అలాగే నూరుకున్నారు కదా అనేది ఒకటి. కచ్చితమైన కొలతలతో తయారైన రాళ్లు సులువుగా దొరుకుతున్న కాలంలో నేల మీద రాయి ఏరుకోవడం వట్టి కాలక్షేపం అనేది రెండోది. ఈ రెండింటితోనూ నేను ఏకీభవించను. ఏరి తెచ్చుకున్న రాయితో నిజమైన పదును, పనిలో నిలిచే పదును వస్తుంది. అయితే ఆ రాయిని ఎంచుకోవడానికి కొంత తెలివిడి, దాని ముఖాన్ని చదును చేయడానికి చాలా ఓపిక, అది ఏ దశలో వాడవలసిన రాయో గుర్తించడానికి కొంత అనుభవం కావాలి. వీటిలో ఏది లోపించినా చేతిలో మిగిలేది మామూలు రాయే.

అసలు సాన పట్టేటప్పుడు ఏం జరుగుతుందో ముందు చూడాలి. కత్తి అయినా, ఉలి అయినా, గొడ్డలి అయినా దాని అంచు రెండు తలాలు కలిసే గీత. వాడగా వాడగా ఆ గీత గుండ్రబడుతుంది, అంచును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే ఆ గుండ్రబడిన చోటు సన్నని తెల్ల దారంలా మెరుస్తుంది. ఆ మెరుపు మాయమయ్యే దాకా రెండు వైపుల నుంచీ ఉక్కును అరగదీయడమే సాన పట్టడం. అరగదీయాలంటే ఉక్కు కన్నా గట్టివైన, మూలలు పదునుగా ఉన్న రేణువులు వేల సంఖ్యలో ఒకేసారి ఉక్కు మీద గీతలు గీయాలి. ఆ గీతలు లోతుగా ఉంటే రెండు తలాలు కలిసే చోట అంచు రంపపు పళ్లలా తయారవుతుంది, లోతు తగ్గే కొద్దీ అంచు సాఫీ అవుతుంది. ముతక రాయి తరువాత సన్న రాయి, దాని తరువాత మరింత సన్న రాయి వాడడానికి కారణం ఇదే.

ఖనిజాల గట్టిదనాన్ని కొలవడానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ రూపొందించిన 1 నుంచి 10 వరకు ఉన్న కొలమానం ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. గట్టిపరిచిన పనిముట్ల ఉక్కు అందులో సుమారు 6.5 దగ్గర నిలుస్తుంది. సున్నపురాయిలోనూ పాలరాయిలోనూ ఉండే కాల్సైట్ 3, బలపపు రాయిలోని టాల్క్ 1, గ్రానైట్‌లో విరివిగా ఉండే ఫెల్డ్‌స్పార్ 6. వీటిలో ఏదీ గట్టిపరిచిన ఉక్కును సరిగా కోయలేదు. పలుగురాయి అని మనం పిలిచే క్వార్ట్జ్ 7. గార్నెట్ 6.5 నుంచి 7.5 వరకు ఉంటుంది. కురువిందం 9, కానీ అది సన్నని రేణువుల రూపంలో, సానకు పనికొచ్చే రాయిలో, దారిలో నడిచేవాడి కంటపడడం అరుదు. అందువల్ల సహజమైన సానరాళ్లలో చాలా వాటిలో పని చేసేది క్వార్ట్జే, కొద్దివాటిలో గార్నెట్.

గట్టిదనం ఒక్కటే చాలితే ప్రతి పలుగురాయి ముక్కా సానరాయి కావాలి. అలా జరగదు. పలుగురాయి పెద్ద పెద్ద స్ఫటికాలుగా పెరిగిన ముద్ద, అందులో విడివిడి రేణువులు లేవు, గీతలు గీయడానికి లెక్కలేనన్ని చిన్న మూలలూ లేవు. క్వార్ట్‌జైట్‌లో ఇసుక రేణువులు వేడికి, ఒత్తిడికి ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉంటాయి, పైకి వచ్చిన రేణువు మూల అరిగి మొండిదైనా అది ఊడిపోదు, దాని స్థానంలో కొత్త రేణువు రాదు. కొద్ది సేపటికే ముఖం నిగనిగలాడుతూ జారుడుగా తయారవుతుంది. దీనికి పూర్తిగా ఎదురు కొసన, వదులుగా అతుక్కున్న ఇసుకరాయి ఉంటుంది. చేతితో రుద్దితేనే రాలిపోతుంది, కత్తి అంచు పడిన చోటల్లా గాడి పడుతుంది. సానకు కావలసిన రాయి ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పని చేస్తున్నంత సేపు రేణువును వదలకుండా పట్టుకోవాలి, అది మొండిబారాక వదిలిపెట్టాలి. నా దృష్టిలో సానరాయికి ప్రాణం ఈ పట్టులోనే ఉంది, గట్టిదనం దాని తరువాతి సంగతి.

రేణువుల పరిమాణం గురించి భూవిజ్ఞానం వాడే హద్దులు మనకూ పనికొస్తాయి. 0.0625 మిల్లీమీటర్ కన్నా పెద్దది ఇసుక, దాని కన్నా చిన్నదై 0.004 మిల్లీమీటర్ వరకు ఉండేది ఒండ్రు, అంతకన్నా చిన్నది బంకమన్ను. సన్న ఇసుకరాయి గొడ్డలికీ కొడవలికీ ముతక సానగా సరిపోతుంది. ఉలికి, చిత్రికకు, వంటింటి కత్తికి కావలసిన రాయి ఒండ్రు పరిమాణంలోని క్వార్ట్జ్ రేణువులు గట్టిపడి ఏర్పడిన రాయి. అందులో బంకమన్ను కొంత, అభ్రకం కొంత కలిసి ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ మెత్తని పదార్థమే రేణువులను సమయానికి వదులుతుంది.

పేరుపొందిన సహజ సానరాళ్లన్నీ ఇలాంటి మామూలు రాళ్లేనని తెలిసినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో ఐడ్స్‌బోర్గ్ దగ్గర తవ్విన సానరాళ్లు వైకింగుల కాలం నుంచే సముద్రాలు దాటి అమ్ముడుపోయాయి, అది సన్నని క్వార్ట్జ్ రేణువుల మధ్య అభ్రకపు పొరలున్న పొరలరాయి. బెల్జియంలో ఆర్డెన్ కొండల్లోని వియెల్‌సాల్మ్ పరిసరాల్లో దొరికే సానరాయి, పసుపుపచ్చని కోటిక్యూల్‌లో కోసే పని చేసేవి కొద్ది మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) గార్నెట్ స్ఫటికాలు. వాటికి చాలా ముఖాలు ఉండి దాదాపు గుండ్రంగా ఉండడం వల్ల ఉక్కు మీద లోతు తక్కువ గీతలు పడతాయి, క్షౌరపు కత్తులకు దానికి అంత పేరు రావడానికి కారణం అదే. జపాన్‌లో క్యోటో చుట్టుపక్కల గనుల నుంచి వచ్చిన సన్న సానరాళ్లు సముద్రం అడుగున పేరుకున్న అతి సన్నని మట్టి గట్టిపడి ఏర్పడినవి. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రపు నోవాక్యులైట్ దాదాపు పూర్తిగా సిలికా, అంటే క్వార్ట్జ్ పదార్థమే, కంటికి కనబడనంత సన్నని క్వార్ట్జ్ స్ఫటికాల అల్లిక, చెకుముకిరాయికి దగ్గరి చుట్టం. ఒక గనికి పేరు వచ్చిందంటే అక్కడి రాయి వందల ముక్కల్లో ఒకే తీరుగా ఉందని అర్థం. అలాంటి రాయి ఇంకెక్కడా పుట్టలేదని అర్థం కాదు. వేలకొద్దీ రాళ్లు అమ్మవలసిన గనికి ఆ నిలకడ అవసరం, నాకు కావలసింది ఒక్క మంచి ముక్క.

ఆ ఒక్క ముక్కను ఎలా గుర్తించాలన్నది అసలు పని. ఏటి ఒడ్డు దీనికి మంచి చోటు, ప్రవాహం పగుళ్లున్న వాటిని, మెత్తని వాటిని ముందే పగలగొట్టి అరగదీసి ఉంటుంది. కొండచరియల కింద రాలిన పలకలు కూడా మంచివే, వాటికి ఒక ముఖం సహజంగానే చదునుగా వచ్చి ఉంటుంది. నేను మొదట రాయిని ఇంకో రాయితో మెల్లగా తట్టి వింటాను. కంగుమంటే లోపల పగుళ్లు లేవు, డొల్లగా మోగితే దానిని అక్కడే వదిలేస్తాను. తరువాత పాత ఉక్కు మేకు మొనతో గట్టిగా గీస్తాను. రాయి మీద గాడి పడితే అది మెత్తనిది, గాడి పడకుండా పెన్సిల్ గీతలా బూడిద రంగు లోహపు గీత మిగిలితే రాయి ఉక్కును తిన్నదన్న మాట. సున్నపురాయి అన్న అనుమానం ఉంటే ఇంటికి వచ్చాక ఒక చుక్క పలచని ఆమ్లం వేస్తే బుడగలు వస్తాయి. చివరగా అదే రాయి ముక్కలు రెండింటిని నీళ్లతో తడిపి ఒకదానితో ఒకటి రుద్దుతాను. ఒక నిమిషంలో పలచని బురద లేస్తే, దానిని బొటనవేలికి చూపుడువేలికి మధ్య నలిపితే ఇసుక కరకర లేకుండా సన్నని పిండిలా తోస్తే, ఆ రాయిని మోసుకెళ్లడం దండగ కాదు.

ఈ చివరి పరీక్షను నిర్లక్ష్యం చేసి నేను ఒకసారి బాగా నష్టపోయాను. గోధుమ రంగు ఇసుకరాయి పలక ఒకటి దొరికింది, ఉక్కును చక్కగా తింటోంది, ఉలి ఏటవాలు ముఖం నిమిషాల్లో సమానమైంది. ఆ ఉత్సాహంలో ఉలి వెనుక ముఖాన్ని కూడా దాని మీద పెట్టాను. ఆ ముఖాన్ని నేను అంతకు ముందు రెండు రోజులు కష్టపడి అద్దంలా చేసుకున్నాను. నాలుగైదు సార్లు తోశానో లేదో, చివరి నుంచి చివరి దాకా ఒకే ఒక లోతైన గీత పడింది. భూతద్దంతో రాయిని వెతికితే సన్నని రేణువుల మధ్య ఆవగింజంత తెల్ల పలుగు రేణువు ఒకటి పైకి పొడుచుకుని ఉంది. రాయి మొత్తం మీద నూటికి తొంభైతొమ్మిది పాళ్లు సన్నగా ఉండి ప్రయోజనం లేదు, అంచు మీద చివరి మాట చెప్పేది ఆ పెద్ద రేణువే. అప్పటి నుంచి కొత్త రాయిని మొదట ఒక పాత కత్తి మీద వాడి, ఏటవాలు ముఖంలో తేడాగా కనబడే గీత ఒక్కటి కూడా లేదని చూశాకే మంచి పనిముట్టును దాని దగ్గరకు రానిస్తున్నాను.

ఇక చదును గురించి. దొరికిన రాళ్లతో ప్రయత్నించి విసిగిపోయిన వాళ్లలో ఎక్కువ మంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోయారని నా అభిప్రాయం. ఏటి రాయి ముఖం చూడడానికి చదునుగానే కనిపిస్తుంది. దాని మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, దళసరి గాజు పలక మీద నీళ్లు, సిలికాన్ కార్బైడ్ అనే చాలా గట్టి రాపిడి పదార్థపు ముతక పొడి వేసి, ఎనిమిది అంకె ఆకారంలో పది సార్లు రుద్ది తీసి చూస్తే మధ్యలో చిన్న మచ్చ మేరకే గళ్లు చెరుగుతాయి. అంటే అప్పటి వరకు ఉలి ఆ మచ్చ మీదే ఊగుతూ వచ్చిందన్న మాట. కోణం ప్రతి తోపుకూ మారితే రెండు తలాలు ఎన్నటికీ కలవవు. గళ్లు మొత్తం చెరిగే దాకా రుద్దాలి. మెత్తని ఒండ్రురాయికి ఇది ఒక గంట పని, చెకుముకి జాతి రాయికి రోజుల పని. పొడి నలిగి బూడిద రంగు గుజ్జుగా మారినప్పుడు శబ్దం గరగర నుంచి మెత్తని సవ్వడికి మారుతుంది, అప్పుడు గుజ్జు కడిగేసి కొత్త పొడి వేయాలి. ముతక పొడితో చదునయ్యాక సన్న పొడితో ఇంకోసారి చేయాలి, లేకపోతే ముతక పొడి వదిలిన గుంటలు రాయి స్వభావాన్ని కప్పేస్తాయి.

గాజు పలకా పొడీ లేకపోయినా చదును సాధ్యమే, అయితే అందుకు మూడు రాళ్లు కావాలి. రెండు రాళ్లను ఒకదానితో ఒకటి రుద్దుతూ పోతే రెండూ చక్కగా అతికినట్టే ఉంటాయి, కానీ ఒకటి ఉబ్బుగా, ఇంకొకటి గుంటగా మారి ఉండవచ్చు. మూడో రాయిని తెచ్చి మొదటిదానితో రెండోది, రెండోదానితో మూడోది, మూడోదానితో మొదటిది వంతులవారీగా రుద్దితే ఉబ్బుకూ గుంటకూ చోటు ఉండదు, మూడూ పరస్పరం అతకాలంటే మూడూ చదునుగా ఉండక తప్పదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ లోహపు పలకలకు ఇదే సూత్రాన్ని పట్టుదలగా అమలు చేసి యంత్ర నిర్మాణంలో కచ్చితత్వాన్ని పెంచాడు. పరికరం ఏదీ లేకుండా, చేతుల్లో నుంచే సమతలం పుట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

నేను ఇప్పుడు రోజూ వాడుతున్న రాయి బూడిద రంగులో కొద్దిగా పచ్చదనం ఉన్న ఒండ్రురాయి, జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. ఎవరూ రెండోసారి చూడని రాయి. నీళ్లు పోస్తే కొంత పీల్చుకుంటుంది, కొంత పైన నిలుస్తుంది. ఉలిని ఏటవాలు ముఖం పూర్తిగా ఆనేట్టు పెట్టి, అంచుకు దగ్గరగా రెండు వేళ్లతో నొక్కి తోస్తే మొదటి నాలుగైదు తోపుల్లో జారినట్టుంటుంది. ఆ తరువాత రాయి పట్టుకుంటుంది, వేళ్ల కింద సన్నని అదురు తెలుస్తుంది. ఉలి వెనుక నీళ్లు ముందు పాల రంగుకు, తరువాత నల్లగా మారతాయి. పాల రంగు రాయిది, నలుపు ఉక్కుది. నలుపు చిక్కబడడం ఆగితే రాయి పని చేయడం ఆగిందన్న మాట, అప్పుడు అదే జాతి చిన్న ముక్కతో ముఖాన్ని కాస్త రుద్ది కొత్త బురద లేపుతాను. కొంత సేపటికి అవతలి వైపు బొటనవేలిని అంచుకు అడ్డంగా, బయటికి లాగితే సన్నని లోహపు రెక్క తగులుతుంది. అంచు పొడవునా ఆ రెక్క తగిలితే తలం అంచు దాకా చేరిందని రుజువు, ఒక్క చోట తగలకపోయినా పని మిగిలే ఉంది. వెనుక ముఖాన్ని రెండు మూడు సార్లు ఆనించి ఆ రెక్కను తీసేసి, మెత్తని చెక్క కొస మీద అడ్డకోత పెడితే, పీచు చిరగకుండా, కోసిన చోటు నున్నగా వస్తోంది. మెత్తని చెక్క కొసన ఆ నునుపు రావడం పదునుకు చాలా కఠినమైన పరీక్ష.

ఈ రాళ్ల శక్తికి హద్దు ఉందని కూడా ఒప్పుకోవాలి. ఉక్కులో వెనేడియం అనే లోహం ఎక్కువగా ఉంటే అది కార్బన్‌తో కలిసి వెనేడియం కార్బైడ్ అనే చాలా గట్టి రేణువులు ఏర్పడతాయి. గట్టిదనాన్ని కొలిచే మరో పద్ధతి అయిన నూప్ కొలమానంలో క్వార్ట్జ్ గట్టిదనం సుమారు 820 అయితే వెనేడియం కార్బైడ్‌ది 2,500కు పైన. అలాంటి కత్తిని ఒండ్రురాయి మీద నూరితే కార్బైడ్ చుట్టూ ఉన్న ఉక్కు అరుగుతుంది కానీ కార్బైడ్ అలాగే నిలిచి, చివరికి ఊడిపోతుంది. అలాంటి ఉక్కుకు వజ్రపు పలకలో, తయారైన రాళ్లో వాడడమే న్యాయం. 1893లో ఎడ్వర్డ్ అచిసన్ సిలికాన్ కార్బైడ్ తయారీకి పేటెంటు పొందిన తరువాత సానరాళ్ల ప్రపంచం మారిపోయింది, ఆ మార్పు వల్ల కలిగిన మేలును నేను కాదనను. నా రాయిని చదును చేసిన పొడి కూడా అదే కదా. కానీ మామూలు కార్బన్ ఉక్కుతో చేసిన ఉలులు, గొడ్డళ్లు, కొడవళ్లు, పాత వంటింటి కత్తులు క్వార్ట్జ్‌కు చక్కగా లొంగుతాయి. వాటికి రాయి చాలదని చెప్పేవాళ్లు చదును చేయని రాయి మీద నూరి చూసి ఉంటారు.

మరి తయారైన రాయి ఉండగా ఈ శ్రమ దేనికని అడిగేవాళ్లకు నా సమాధానం ఒకటే. తయారైన రాయి మీద అంకె రాసి ఉంటుంది, మనం ఆ అంకెను నమ్మి తోస్తాం. ఏరి తెచ్చుకున్న రాయికి అంకె ఉండదు కనుక, అది ముతకో సన్నమో, కోస్తోందో రుద్దుతోందో గీతలను చూసి, బురద రంగు చూసి, రెక్కను తడిమి తెలుసుకోక తప్పదు. ఆ చూపు అలవాటయ్యాక తయారైన రాళ్ల మీద కూడా నా చేయి మెరుగుపడింది. ఇంతకు ముందు నేను లెక్కపెట్టి ఇన్ని తోపులని నూరేవాణ్ణి, ఇప్పుడు రెక్క లేచే దాకా నూరుతున్నాను.

జాగ్రత్తలు రెండు చెప్పి తీరాలి. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాని జబ్బు. కనుక రాయిని కోసినా, రుద్దినా, చదును చేసినా తడిగానే చేయాలి, గుజ్జును ఎండనివ్వకుండా కడిగేయాలి. పీచులా విడిపోయే పచ్చరాళ్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక వాటిని ముట్టకపోవడమే మంచిది. రెండోది, బండల మీద నున్నగా అరిగిన గాడులు, పళ్లెంలాంటి గుంటలు కనిపిస్తే అవి కొత్త రాతియుగపు మనుషులు గొడ్డళ్లు నూరిన చోట్లు కావచ్చు. అక్కడ రాయిని కదిలించకూడదు, ముక్క తీయకూడదు. రక్షిత ప్రాంతాల నుంచి కూడా ఏమీ తేకూడదు.

మూలన పడేసిన ఆ ఎర్ర రాయిని కిందటేడు మళ్లీ తీశాను. ఈసారి దానిని మేకుతో గీసి, భూతద్దంలో చూసి, అది జాస్పర్ అని, అంటే ఆర్కాన్సా నోవాక్యులైట్ లాగే అతి సన్నని క్వార్ట్జ్ అల్లిక అని గుర్తుపట్టాను. దాని గుండ్రని ముఖాన్ని చదును చేయడానికి మూడు వారాలు, రోజూ కొంత సేపు, పట్టింది. సన్న పొడితో ముగించాక ఉలిని ముందు ఒండ్రురాయి మీద రెక్క వచ్చే దాకా నూరి, ఆ తరువాత ఒక చుక్క నూనెతో దీని మీద పదిహేను ఇరవై సార్లు తోశాను. ఒండ్రురాయి వదిలిన మసక గీతలు అంచు దగ్గర మాయమయ్యాయి, రెక్క దానంతటదే రాలిపోయింది. మొద్దుబారిన ఉలికి అది ఇప్పటికీ పనికిరాదు, సగం పదునెక్కిన ఉలికి మాత్రం నా దగ్గర దానికి మించిన రాయి లేదు. ఆ తెల్ల చార మీదుగా అంచు వెళ్లినప్పుడు వేళ్లకు ఏమీ తేడా తగలదు, రెండు వైపులా అదే రేణువు.